గుమ్మంలోనే వదిలేసినవి

ఆగస్టు 19

సాయంత్రం మళ్లీ అదే. జనం అన్నాలకి కూర్చునే వేళకి నెట్ ఇసకలో దిగిన బండిలాగ ఉండిపోయింది. పూర్తిగా పోయినా బాగుండును, ఎక్కడో తెగిందని వెతుక్కోవచ్చు. పోదు. ఉన్నట్టే ఉంటుంది, ఏదీ కదలదు.

ఒకాయన ఇంట్లో మోడెం పీక్కొచ్చి కౌంటరు మీద పెట్టాడు. "ఇది నువ్వే ఉంచుకో పాపా," అన్నాడు. తీసుకున్నాను. నాకేమీ బాధ అనిపించలేదు.

పోలారావు గారు షట్టరు దించుతూ, "దసరా దాకా సూత్తాను మోహినీ. అప్పటికీ ఇలగే ఉంటే లైన్లన్నీ ఆ పెద్ద కంపెనీవోడికి అమ్మీసి నా జీడి ఫ్యాక్టరీ నాను సూసుకుంటాను," అన్నారు. కోపంగా అనలేదు. అందుకే నిజమనిపించింది.

పలాస, పూండి, వజ్రపుకొత్తూరు, మా అక్కుపల్లి. ఉద్దానంలోని ఇన్ని ఊళ్ల తీగలూ కాసిబుగ్గలో మా ఆఫీసు వెనకగదిలో ఉన్న ఒక్క మిషను గుండానే బయటి ప్రపంచానికి వెళ్లాలి. ఆ మిషను నాది. అంటే కొన్నది ఆయన, చూసేది నేను. పాతది చాలట్లేదని చెప్పి వేసవిలో కొత్తది కొనిపించాను. కొత్తదీ అంతే.

ఆగస్టు 21

అమ్మ ఫోను. "ఆదివారమైనా ఇంటికొచ్చీవే. మనిసివి సిక్కిపోయుంటావు." పని ఉందన్నాను. కౌంటరు దగ్గర తిట్లు తినడం కూడా పనే.

ఆగస్టు 26

పోలారావు గారు ఒక పెద్దాయన్ని వెంటపెట్టుకొచ్చారు. తారకేశ్వరరావు. సొంతూరు నిమ్మాడ. బెంగళూరులో నెట్‌వర్క్ కార్డులు తయారుచేసే కంపెనీలో ఉద్యోగమట, కార్డుకీ ఆపరేటింగ్ సిస్టమ్‌కీ మధ్య మాట కలిపే డ్రైవర్ ప్రోగ్రాములు రాసేవారట. భార్యకి కిడ్నీలు పాడై, ఇక్కడ డయాలసిస్ చేయిస్తూ పలాసలోనే ఇల్లు అద్దెకి తీసుకున్నారు. వారానికి మూడు రోజులు ఆసుపత్రి వరండాలో కూర్చుంటారు. మిగతా రోజులు కూర్చోడానికి ఇంకో చోటు కావాలని పోలారావు గారిని ఆయనే అడిగారట.

నా కుర్చీ ఇవ్వబోయాను. వద్దని స్టూలు లాక్కున్నారు.

కార్డుల కంపెనీలో ఎప్పుడో రాసినాయన మా మిషన్లో ఏం కనిపెడతారో నాకు తెలీదు. కనిపెడితే నాకూ సంతోషమే.

ఆగస్టు 28

ఏమీ కనిపెట్టలేదు. రెండు సాయంత్రాలు ఊరికే చూస్తూ కూర్చున్నారు. బఠాణీలు తిన్నారు.

ఆగస్టు 30

ఈ రోజు నోరు విప్పారు.

"మిషను మీద బరువెంత పడుతోందమ్మా?"

చూపించాను. పదమూడు శాతం. ఇదే నేను మూడు నెలలుగా అందరికీ చెప్తున్నది. మిషను ఖాళీగానే ఉంది, తప్పు ఇంకెక్కడో ఉందని.

"ఇది సగటు కదా. సగటు నాకొద్దు. ఒక్కో కోర్ విడివిడిగా సూపించు."

ఒక మీట నొక్కితే వచ్చేదే. నొక్కాను. ఎనిమిది కోర్లు, మిషను బుర్రలో పని పంచుకునే ఎనిమిది భాగాలు. ఏడు నిద్రపోతున్నాయి. ఒకటి మాత్రం నూటికి నూరు. పాపం అనిపించింది దాన్ని చూస్తే.

ఆయన నవ్వలేదు, తల ఆడించలేదు. "మరి మిగతావి ఎందుకు సాయం పట్టట్లేదు?" అని నన్నే అడిగి, గొడుగు తీసుకుని వెళ్లిపోయారు. ఆయన భార్యకి రేపు డయాలసిస్.

సగటు అందరూ చూస్తారు. నేనొక్కదాన్నే కాదు.

సెప్టెంబరు 1

ఆయనకి జవాబు తెలుసు. తెలిసి నన్నడుగుతున్నారు. నేను వెళ్లి అడగను.

సెప్టెంబరు 4

దొరికింది. నాకే దొరికింది.

మా మిషన్లోని నెట్‌వర్క్ కార్డు మంచిదే. నెట్‌లో ఏదైనా చిన్న చిన్న ముక్కలుగా వెళ్తుంది, అవే ప్యాకెట్లు. వచ్చేవాటిని కార్డు దానికదే పంచుతుంది. ఎవరి నుంచి ఎవరికి వెళ్తోందో చిరునామా చూసి, ఫలానావి ఈ వరసలోకి, ఫలానావి ఆ వరసలోకి అని. ఒక్కో వరసకి ఒక్కో కోర్. కానీ మా కస్టమర్లందరూ పాస్‌వర్డ్ పెట్టి లాగిన్ అయ్యే పద్ధతిలో వస్తారు. ఆ పద్ధతిలో ప్రతి ప్యాకెట్‌కీ పైన ఇంకో కవరు ఉంటుంది. కార్డుకి ఆ కవరు విప్పడం రాదు. లోపలి చిరునామా కనపడదు, పైకి అన్నీ ఒక్కలాగే ఉంటాయి. కాబట్టి అన్నిటినీ ఒకే వరసలోకి తోస్తోంది. వరస ఒకటే కాబట్టి కోర్ ఒకటే. ఉద్దానం మొత్తం ఒక్క కోర్ మోస్తోంది.

పొద్దున్నే ఆయన రాగానే చెప్పేశాను, కాఫీ కూడా తాగనివ్వకుండా. మొత్తం విన్నారు.

"మీకు ముందే తెలుసు కదా సార్?"

"అనుమానం. నీకిప్పుడు తెలిసింది. రెండిటికీ తేడా ఉంది."

ఆయన మొహంలో సంతోషం చూసి నాకు కోపం పోయింది. కోపం ఉందని నేనెక్కడా రాయలేదు గానీ.

సెప్టెంబరు 6

తొందరపడ్డాను. రెండు పనులు చెయ్యాల్సింది, ముందు తేలికైనది చేశాను. కార్డులో ప్యాకెట్లు కాసేపు ఆగే వరస చిన్నగా ఉంది, దాన్ని పెద్దది చేసేశాను. పారేసిన ప్యాకెట్ల లెక్క సున్నా అయింది. గెలిచాననుకుని బజ్జీలు తెప్పించాను.

అరగంటలో ఫోన్లు. వీడియో కాల్లో పెదాలు ముందు కదిలి మాట తర్వాత వస్తోందట.

సార్ బజ్జీ తింటూ అన్నారు. "పారేయడం ఆగింది. ఆలస్యం మొదలైంది. హాలు పెద్దది కట్టావు, వడ్డించేవాళ్లని పెంచలేదు."

"ప్యాకెట్ పారేయడం తప్పు కదా సార్."

"ఎవరు సెప్పారు?"

నేనే ఎన్నాళ్లుగానో నాకు చెప్పుకుంటున్నాను. మళ్లీ చిన్నది చేశాను.

సెప్టెంబరు 9

ఆపరేటింగ్ సిస్టమ్‌కి ఆ కవరు విప్పడం వచ్చు. కార్డు ఒకే వరసలో ఇచ్చినా, దాన్ని అందుకోగానే లోపలి చిరునామా చూసి మిగతా కోర్లకి పంచమని దానికి చెప్పొచ్చు. ఒకే మనిషి మాటలన్నీ ఒకే కోర్‌కి పోయేలా, వరస తప్పకుండా. ఆ పని చెయ్యమని చెప్పడానికి ఒక్క లైను చాలు. మూడు నెలల తిట్లకి ఒక్క లైను.

పోలారావు గారు చూడ్డానికి వచ్చి, "ఏటి సేసారో నాకూ సెప్పండి, కస్టమర్లకి సెప్పుకోవాల," అన్నారు.

సార్ ఆయనతో జీడి ఫ్యాక్టరీ భాషలో మాట్లాడారు. "మీ గేటు దగ్గరికి పిక్కల లారీ వచ్చిందనుకోండి. ఒక్కో బస్తాకి ఒక్కో గంట కొడితే మేస్త్రీ ఏం చేస్తాడు? లేచి వస్తాడు, బస్తా లోపల పెట్టిస్తాడు, కూర్చోబోతాడు, మళ్లీ గంట. గంట మోగినప్పుడల్లా లేవడంలోనే ఒళ్లు హూనమైపోతుంది, లోపల పప్పు పని సాగదు. పాత రోజుల్లో కంప్యూటర్లు అలాగే చచ్చేవి. కొత్త ప్యాకెట్లని పలకరించడంలోనే తీరిక లేక, పలకరించినవాటిని ఎక్కడికీ పంపలేక."

"మరేటి సేయాల?"

"మొదటి గంట వినగానే మేస్త్రీ ఆ గంటని కట్టేస్తాడు. తనే లారీ దగ్గర నిలబడి ఒక లెక్క ప్రకారం కొన్ని బస్తాలు దించుతాడు. లెక్క అవగానే ఆపి లోపల పని చూస్తాడు. మళ్లీ వచ్చి ఇంకొన్ని. లారీ ఖాళీ అయ్యాకే గంట విప్పుతాడు."

"మావోడు అలగే సేత్తాడు. ఇందులో గొప్పేటి?"

"గొప్పేటీ లేదు. మిషన్లకి అది నేర్పడానికి చాలా ఏళ్లు పట్టింది."

ఇది నేను కాలేజీలో చదివాను. టెక్కలిలో మూడో ఏడాది పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న, ఐదూ వచ్చాయి. కానీ ఈ రోజు దాకా దాన్ని మనుషులు ఆలోచించారని అనుకోలేదు. గంట ఆపేయడం ఒకెత్తు. లారీ ఇంకా నిండుగా ఉన్నా లెక్క కాగానే ఆగి పక్క పనికి సందివ్వాలని అనుకోవడం ఇంకొకెత్తు. ఎవరో ఒకరికి తట్టింది. వాళ్లు పలాస పేరు విని ఉండరు. వాళ్ల ఆలోచన మా వెనకగదిలో క్షణానికి లక్షసార్లు జరుగుతోంది.

సాయంత్రం ఎనిమిది కోర్లూ సమంగా కదిలాయి. ఫోను మోగలేదు. అది పాడైందేమోనని ఎత్తి చూశాను.

సెప్టెంబరు 14

అక్కుపల్లి వెళ్లొచ్చాను. అమ్మ నన్ను చూసి, "ఇప్పుడు మనిసిలాగున్నావు," అంది. రెండుసార్లు వడ్డించింది.

సెప్టెంబరు 20

కొత్త సంగతి. వాడుక తక్కువగా ఉండే మధ్యాహ్నం పూట కూడా చిన్న చిన్న ప్యాకెట్ల తుంపర పడుతూనే ఉంది. షాపుల్లో, ఫ్యాక్టరీల్లో పెట్టిన చవక కెమెరాల నుంచి. వాటిల్లో ఏదో పురుగు దూరింది. ఊరూ పేరూ లేని చిరునామాలకి చెత్త పంపుతున్నాయి.

"చిన్నవే కదా సార్, అన్నీ కలిపినా ఒక సినిమా అంత లేవు."

"సైజు కాదమ్మా, సంఖ్య. పెద్ద ప్యాకెట్‌కైనా చిన్నదానికైనా మిషను పడే చాకిరీ ఇంచుమించు ఒకటే. ఈ తుంపర వాన అయితే ఏం చేస్తావు?"

"పారేస్తాను."

"ఎక్కడ?"

అది నేనాలోచించలేదు. మామూలుగా అయితే మిషను ప్రతి ప్యాకెట్‌నీ లోపలికి తీసుకుని, దానికో చోటిచ్చి, వివరాలు రాసుకుని, చివర్న నిబంధన చూసి పారేస్తుంది. అంతా చేసి పారేయడం. సార్ చెప్పేది, డ్రైవర్ చేతిలో ఉండగానే, ఇంకా చోటు కూడా ఇవ్వకముందే, గుమ్మంలోనే చూసి వదిలేయమని. అలా వదిలేసే చిన్న ప్రోగ్రాము మనం రాసి డ్రైవర్‌కి తగిలించవచ్చు.

"పారేయక తప్పనప్పుడు, దాని మీద కష్టం పెట్టకముందే పారేయాలి. పెట్టాక పారేస్తే రెండు నష్టాలు. అది పోయింది, దాని కోసం ఆగిన ఇంకోటీ పోయింది."

రాస్తానన్నాను.

సెప్టెంబరు 27

రాశాను. పాత మిషను మీద పెట్టి చూశాను. చిన్నది, ఒక చీటీ మీద పట్టేంత. కవరు విప్పుతుంది, లోపల ఏ రకమో చూస్తుంది. ఉత్తరం, ఫొటో లాంటివి అందినట్టు జవాబు తీసుకుంటూ వెళ్తాయి. కెమెరాల చెత్త అలా కాదు, జవాబు కోసం చూడకుండా విసిరేసే రకం. ఆ విసిరేసే రకంలో, సైటు పేరుకి చిరునామా వెతికే ప్యాకెట్లు తప్ప అన్నిటినీ వదిలేస్తుంది. చిక్కేమిటంటే ఫోన్ కాల్స్, వీడియో కాల్స్ కూడా ఆ రకమే. అవీ పోతాయి.

సార్ లైను లైనూ చదివారు. ఒకచోట ప్యాకెట్ పొడవు చూసుకోకుండా లోపలికి చెయ్యి పెట్టాను, అది పట్టుకున్నారు. మిగతాది చదివి, "శుభ్రంగా ఉంది," అన్నారు. ఆయన ఏ వస్తువునీ అంతకన్నా పొగడ్డం నేను వినలేదు.

"రేపు పొద్దున జనం తక్కువున్నప్పుడు ఒక్క నిమిషం అసలు మిషను మీదకి ఎక్కించి దించు. కష్టకాలంలో మొదటిసారి ఎక్కించకూడదు."

సెప్టెంబరు 28

ఎక్కించలేదు. కరెంటు పోయి వస్తోంది.

అక్టోబరు 3

ఎక్కించలేదు. అంత అవసరం లేదు. తుంపర తగ్గినట్టే ఉంది.

అక్టోబరు 6

సార్ రెండు రోజులుగా రావట్లేదు. ఆయన భార్య సరోజిని గారికి జ్వరమట. ఆసుపత్రిలో ఉంచారు.

అక్టోబరు 12

దసరా అయిపోయింది. పోలారావు గారు అమ్మకం మాట ఎత్తలేదు. ఆఫీసుకి చామంతి దండలు కట్టించి, వెనకగది మిషనుకి తనే కుంకం పెట్టారు, గాలి వెళ్లే సందు మీద. తుడిచేశాను.

సార్ పూజకి వచ్చి పావుగంట కూర్చున్నారు. చొక్కా వదులైంది. "ఎక్కించావా?" అని అడిగారు. "ఎక్కిస్తాను సార్," అన్నాను. మళ్లీ అడగలేదు. సరోజిని గారు ఎలా ఉన్నారని నేను అడగాలి. అడగలేదు.

అక్టోబరు 22

తుంపర తగ్గలేదు. తగ్గిందని రాశాను కదా, తగ్గలేదు.

అక్టోబరు 25

తుఫానట. మన వైపే.

అక్టోబరు 27

ఎక్కించాను.

అక్టోబరు 29

నిన్నంతా పడుకున్నాను. ఇప్పుడు మొదట్నించీ రాస్తాను.

మొన్న పొద్దున్నే కరెంటు తీసేశారు. మేం జనరేటరు మీద ఉన్నాం. పది దాటేసరికి గాలి ఎక్కువై సెల్ టవర్లు ఒక్కోటీ పోయాయి. ముందు పూండి వైపు, తర్వాత వజ్రపుకొత్తూరు. మా తీగ మాత్రం ఉంది. ఇన్వర్టరు ఉన్న ప్రతి ఇంట్లో, తుఫాను షెల్టర్లో, ఆసుపత్రిలో అందరూ మా వైఫై మీద పడ్డారు. ఒక్కసారిగా. అందరూ ఒకరికొకరు వీడియో కాల్. ఫ్యాక్టరీల జనరేటర్లు ఆగి వచ్చినప్పుడల్లా కెమెరాలన్నీ లేచి చెత్త కుమ్మరించడం మొదలెట్టాయి. సార్ అడిగిన వాన అదే.

ఎనిమిది కోర్లూ నూటికి నూరు. ఈసారి పంచడానికి ఖాళీగా ఉన్నవాళ్లు లేరు. కీబోర్డు మీద నేను కొట్టిన అక్షరం తెర మీదకి రావడానికి చాలాసేపు పడుతోంది. అక్కుపల్లి షెల్టర్ నుంచి అమ్మ ఎవరి ఫోన్లోంచో కాల్ చేసింది. "మోహి" అని వినపడింది. అంతే. మళ్లీ చేసింది, ఆ ముక్క కూడా రాలేదు.

మండలాఫీసు వాళ్లకి ఫోన్లో ఒక గ్రూపు ఉంది, నెట్ మాది కాబట్టి నన్నూ చేర్చారు. షెల్టర్లకి ఎంతమంది వచ్చారో, ఎవరు రాలేదో అందులో పెడతారు. అది అప్పటికి గంటన్నరగా ఖాళీ. అంతా బాగుండి ఖాళీ కాదు.

సార్‌కి ఫోను చెయ్యబోయాను. ఆయన ఆసుపత్రిలో ఉన్నారు, ఆయనకి మాత్రం ఎలా కలుస్తుంది. అప్పుడు తెలిసింది ఇన్ని రోజులూ ఎందుకు ఎక్కించలేదో. అవసరం లేక కాదు. ఒక్క అక్షరం తప్పు పడితే ఉద్దానం మొత్తం నా చేత్తో నేను ఆపినట్టవుతుందని. భయం. అదే మాట ఇన్నిసార్లు ఇంకోలా రాసుకున్నాను.

షెల్టర్‌కి, ఆసుపత్రికి మినహాయింపు పెడదామనుకున్నాను, ఒక్క క్షణం. పెట్టలేదు. రాసింది రాసినట్టు పని చేస్తుందో లేదో తెలీదు, దానికి కొత్త లైన్లు కూడానా. పైగా గుమ్మంలో ప్రతివాళ్లనీ నువ్వెవరని అడుగుతూ కూర్చుంటే మళ్లీ అదే గంటల గోల. ఎవరిదని చూడకూడదు. ఏ రకమో చూడాలి, అంతే.

తెర మీద అక్షరాలు రావట్లేదు కాబట్టి కళ్లు మూసుకుని కొట్టినట్టే కొట్టాను. ఎంటర్ నొక్కాను.

ఏమీ జరగలేదు. చేతులు ఒళ్లో పెట్టుకున్నాను.

తర్వాత నేను కొట్టిన అక్షరాలన్నీ ఒక్కసారిగా తెర మీదకి వచ్చాయి. కోర్లు తొంభైకి, అరవైకి, నలభైకి దిగాయి. గుమ్మంలో పారేసిన వాటి లెక్క మాత్రం కళ్లకి అందనంత జోరుగా తిరుగుతోంది. మండలాఫీసు గ్రూపులో ఆగిపోయిన మెసేజీలు వరసగా పడ్డాయి. పేర్లు, ఫొటోలు.

పోలారావు గారు తడిసిపోయి లోపలికి వచ్చారు. "మోహినీ, ఎవులికీ కాల్ కలవట్లేదు. టెక్కల్లో మా తమ్ముడు ఎలగున్నాడో తెలీదు. ఏటి సేసావు?"

"కాల్స్ ఆపాను."

"ఆపడమేటి? తీసీ."

"తీస్తే మెసేజీలు కూడా పోవు. ఏదో ఒకటే వెళ్తుంది."

"నా నెట్టు ఇది. తీసీమంటన్నాను."

"మీ తమ్ముడికి మెసేజ్ పెట్టండి. నేను తియ్యను."

ఆయనతో ఎప్పుడూ అలా మాట్లాడలేదు. ఆయన నా మొహం చూస్తూ నిలబడ్డారు. అప్పుడే నా ఫోన్లో అమ్మ మాట పడింది. కాల్ కాదు, ఎవరో పక్కమ్మాయి చేత రికార్డు చేయించి పంపింది. పెద్దగా పెట్టాను.

"ఒలే మోహినీ, నాను సెల్టర్లో ఉన్నాను. లక్ష్మమ్మ రాలేదే. కాలు నొప్పని ఇంటికాడే ఉండిపోనాది. కూర్మయ్య దాన్నొదిలి రానన్నాడు. మీదకి నీరొచ్చేత్తాది. ఇక్కడ ఎవులి ఫోనూ కలవట్లేదు, మాయదారి ఫోన్లు. ఎవులికన్నా సెప్పీ."

లక్ష్మమ్మ మా పక్కింటి ముసలామె. కూర్మయ్య ఆమె తమ్ముడు. ఆ రికార్డింగు అలాగే మండలాఫీసు గ్రూపులో పెట్టాను. కింద ఇల్లు ఎక్కడో రాశాను. కాసేపటికి జవాబు వచ్చింది. వ్యాను వెళ్తోందని.

పోలారావు గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. తమ్ముడికి మెసేజ్ కొట్టుకున్నారు, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ. జవాబు వచ్చాక నాకు చూపించారు. "బాగున్నాం అన్నయ్యా," అని ఉంది. జనరేటర్లో డీజిలు తనే పోశారు, రెండుసార్లు.

మూడింటి ప్రాంతంలో సార్ నుంచి మెసేజ్. "కాల్ పోలేదు. మెసేజ్ పోయింది. అంటే ఎక్కించావు. బాగుంది. నీళ్లు తాగు." ఆసుపత్రి వరండాలో కూర్చుని, ఏది వెళ్తోందో ఏది వెళ్లట్లేదో చూసి, ఇక్కడ నా గదిలో ఏం జరిగిందో తెలుసుకున్నారు. ఆ మాట చదివి ఏడ్చాను. పోలారావు గారు గోడ వైపు తిరిగారు.

చీకటి పడే ముందు పూండి దగ్గర చెట్టు పడి మా తీగ కూడా తెగింది. అప్పటికి లక్ష్మమ్మ, కూర్మయ్య షెల్టర్లో ఉన్నారు. అమ్మ ఇంకో రికార్డింగు పంపింది. అందులో లక్ష్మమ్మ తిట్లు వినపడుతున్నాయి, తన కోడిని తేనివ్వలేదని.

నవంబరు 3

తీగ కట్టారు. ప్రోగ్రాము దించేశాను. జీడితోటలు చాలా పోయాయి. అక్కుపల్లిలో మా ఇంటి పైకప్పు లేచిపోయింది, గోడలున్నాయి. అమ్మ రేకులు ఏరుకుంటూ కనపడింది. సాయం పట్టబోతే, "నువ్వు మీ మిషను సూసుకో, ఇది నాను సూత్తాను," అంది. ఊళ్లో అందరికీ చెప్పుకుంటోందట, ఫోన్లు ఆపింది మా పిల్లేనని. అదేదో పతకం వచ్చినట్టు.

నవంబరు 9

కెమెరాలున్న షాపులన్నీ తిరుగుతున్నాం. నేనూ పోలారావు గారూ. పాస్‌వర్డులు మార్పించడానికి.

సార్ ఆఫీసుకి రావట్లేదు.

నవంబరు 16

ఈ రోజు నేనే వాళ్లింటికి వెళ్లాను. ఇన్నాళ్లూ వెళ్లలేదు, ఆమెని ఏ స్థితిలో చూడాల్సొస్తుందోనని.

సరోజిని గారు మంచం మీద దిండుకి ఆనుకుని బట్టలు మడతపెడుతున్నారు. సన్నగా ఉన్నారు, చేయి మీద సూదుల గుర్తులు. కళ్లు మాత్రం ఎవర్నీ వదిలేవి కావు. వాళ్లు వచ్చే వారం విశాఖపట్నం మారిపోతున్నారు. అక్కడ పెద్ద ఆసుపత్రి దగ్గర ఉండమన్నారట డాక్టర్లు. ఎన్నాళ్లకని నేను అడగలేదు, ఆమే చెప్పారు. "ఎన్నాళ్లైతే అన్నాళ్లు తల్లీ."

సార్ వంటింట్లో టీ పెడుతున్నారు.

"ఆ రోజు ఆసుపత్రి నుంచి మా తమ్ముడికి నేను సేసిన ఫోను కలవకుండా సేసింది నువ్వేనా?" అన్నారామె.

"నేనేనమ్మా."

"ఈయన సెప్పాడు. సెప్పినప్పుడు ఈయన మొగం సూడాల్సింది నువ్వు. కూతురు పుట్టినప్పుడు కూడా అంత వెలగలేదు." మడత పక్కన పెట్టారు. "పెళ్లయి ఇన్నేళ్లైంది, ఈయన ఏం పని చేసాడో నాకు తెలీదు. అడిగితే కార్డులంటాడు. నువ్వు సెప్పు."

చెప్పాను. సార్ పోలారావు గారికి చెప్పినట్టు జీడి బస్తాలు పెట్టి కాదు, ఉన్నదున్నట్టే. వరసలు, గంట, గంట ఆపి తనే వెళ్లి చూసుకోవడం, లెక్క కాగానే పక్కవాళ్లకి సందివ్వడం, మోయలేనప్పుడు గుమ్మంలోనే వదిలేయడం. ఇవి కనిపెట్టినవాళ్లు ఎక్కడెక్కడో ఉన్నారనీ, అవి నిజం కార్డు మీద నడిచేలా ఓపిగ్గా రాసినవాళ్లలో సార్ ఒకరనీ. ఆయన రాసినవి ఎన్నో ఊళ్లలో ఇప్పటికీ పనిచేస్తూ ఉండి ఉంటాయని. ఆమె మధ్యలో ఆపలేదు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"అంత మంచి పనా?" అన్నారు.

"అంత మంచి పనే."

మళ్లీ బట్టలు అందుకున్నారు. "మరి గుమ్మంలో వదిలేసినవి? వాటి సంగతేటి?"

"విసిరేసే రకమైతే పోయినట్టేనమ్మా. జవాబు కోసం చూసే రకమైతే ఎక్కడ పోయినా పంపినవాళ్లు మళ్లీ పంపుతారు. జవాబు రాలేదని తెలిసి, కాస్త ఆగి పంపుతారు. అప్పటికీ రాకపోతే అంతకు రెట్టింపు ఆగి మళ్లీ. వెంటవెంటనే పంపితే అవతల ఇంకా ఇరుకైపోతుంది కదా."

ఆమె వంటింటి వైపు చూశారు. పెదవి చివర నవ్వు మొదలైంది.

"ఇదిగో, ఇటు రా," అని పిలిచారు. సార్ టీ గ్లాసులతో వచ్చారు. "ఈయన మా నాన్నని నా కోసం అడిగించాడు తెలుసా. మా నాన్న కాదన్నాడు. మళ్లీ మనిసిని పంపాడు. మళ్లీ కాదన్నాడు. ఎన్నాళ్లకోసారి పంపీవాడివి?"

సార్ గ్లాసు నా చేతికిచ్చారు. "మొదట ఆర్నెల్లాగాను," అన్నారు, చాలా మామూలుగా. "తర్వాత ఏడాది."

"తర్వాత?"

"రెండేళ్లు."

"ఆ రెండేళ్లూ ఆగీసరికి," అని సరోజిని గారు నాతో అన్నారు, "ఇంక ఈసారి నాలుగేళ్లు ఆగుతాడని భయమేసి, మా నాన్నతో నేనే సెప్పీసాను."